హన్మంతు జరిపిన కొండ

హన్మంతు కోతలు కోస్తాడని షార్జాలో రోలా బజారు అంతటికీ తెలుసు. తెలిసి కూడా ఆదివారం సాయంత్రం ఇమామ్ హుస్సేన్ చాయ్ దుకాణంలో అతని చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చుంటాం. ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఇనుప యార్డులో అతని పని, అక్కడే కంపెనీ క్యాంపు. వారమంతా నోరు మూసుకుని వెల్డింగ్ చేస్తాడు. మూసుకున్న నోరంతా ఆదివారం మా ముందు తెరుస్తాడు.

ఆ ఆదివారం మాత్రం అతని మనసులో ఒక బెంగ ఉంది. మే నెల అయిపోవస్తోంది. నిరుడు ఎండాకాలమంతా అతను రస్ అల్ ఖైమా అవతల కొండ మీద, ప్రసన్నకుమార్ గారనే రిటైరైన తెలుగు ఇంజనీరు, ఆయన భార్య సుభాషిణి గారి దగ్గర ఉండి వచ్చాడు. కింద రోడ్లు పెనంలా కాలుతుంటే అక్కడ సాయంత్రమయ్యేసరికి దుప్పటి వెతుక్కోవాలట. మళ్ళీ ఎండాకాలం పిలుస్తామని వాళ్ళు మాటిచ్చారు. పిలుపు రాలేదు. రాకపోతే ఈసారి ఎండాకాలం ఆ ఇనుప యార్డులోనే. అందుకే చాయ్ ఒక గుక్క తాగడం, ఫోన్ తీసి చూసుకోవడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం.

"నువ్వే చెయ్యరాదే ఫోను?" అన్నాడు మల్లేశ్. ఇద్దరిదీ జగిత్యాల దిక్కు ఒకే ఊరు, క్యాంపులో ఒకే గది.

"హన్మంతు ఫోన్ చేసుడు ఉండదురా. హన్మంతుకు ఫోన్ రావాలె."

ఆ ఫోన్‌లో సిమ్ వేసింది నేనే. పక్క సందులో మొబైల్ దుకాణంలో పనిచేస్తాను, నా పేరు రత్నాకర్. రంజాన్ ఆఫర్‌లో ఇంటర్నెట్ ఊరికే వస్తోందని చెబితే పాత నంబరు పారేసి కొత్తది వేయించుకున్నాడు. పిలుపు రాకపోవడానికి ఆ సిమ్మే కారణమని నాకు అప్పుడు తట్టనే లేదు. తట్టి ఉంటే ఇంత కథా ఉండేది కాదు.

ఫ్యాను కింద మూల కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర బియ్యం బస్తా, పక్కన చింతపండూ అప్పడాలూ కనిపిస్తున్న సంచి. సామాన్లు కొనుక్కుని ఎవరికోసమో ఎదురుచూస్తోంది కాబోలు అనుకున్నాం. ఇమామ్ హుస్సేన్ ఆవిడకి చాయ్ ఇచ్చి వచ్చి, గిన్నె కింద మంట తగ్గించి, హన్మంతు వైపు తిరిగాడు. అతనిది నిజామాబాద్. మనిషిని కదిలించి కథ రాబట్టడంలో చాయ్ కాచడం కంటే నేర్పరి.

"ఏమన్నా, కొండ ముచ్చట మొత్తం ఎన్నడు చెప్పవైతివి?"

హన్మంతు ఫోన్ బోర్లా పెట్టాడు.

"చెప్తా. కానీ నడుమల నవ్వద్దు. నేను నన్ను పొగుడుకునుడు గాదు, జరిగింది జరిగినట్టు చెప్పుడే. నిరుడు జూన్ల మేం యార్డుల పని జేస్తున్నం. మా ముదీర్, అంటే మేనేజరు, వచ్చిండు, ఎన్నడు షెడ్డుల అడుగు వెట్టనోడు, ఏసీ కారు దిగి వచ్చి, 'మోటర్ హోం తెలిసినోడు ఎవడన్న ఉన్నడా?' అని అడిగిండు. అందరు తల దించిన్రు. ఫోర్‌మన్ అయితే బాత్రూం దిక్కు ఉరికిండు. నేను చెయ్యి లేపిన. ఎందుకు లేపద్దు? ఊర్ల బాయికాడ ఏండ్లకేండ్లు మోటర్ నడిపినోన్ని. ఐదు హార్స్ పవర్. స్టార్టర్ కొడితే ఆ సప్పుడు ఇని చెప్తుంటి, వైండింగు ఎన్నడు కాలుతదో. మోటర్ హోం అంటే ఏంది? మోటర్ ఉండే రూం. మా బాయికాడ నా చేతులతోని కట్టిన, మీద రేకులేసి."

"మోటర్ హోం అంటే బస్సు లెక్క బండి గదనే!" అన్నాడు మల్లేశ్. "లోపల మంచం, పొయ్యి, బాత్రూం అన్ని ఉంటయి. తిరుక్కుంట తిరుక్కుంట అండ్లనే బతుకుతరు."

"నాకు తెల్వదా? తెలిసే లేపిన. బాయికాడుంటే ఏంది, బండిల ఉంటే ఏంది, మోటర్ మోటరే. ఇంటవా, చెప్పాల్నా?"

"చెప్పన్నా, చెప్పు."

"ప్రసన్నకుమార్ సారు, మా ముదీరు పాత దోస్తులు. సార్ బండి లోపల నల్లాలు, తలుపులు బాగుజేసే మనిషి కావాల్నంట. యార్డుల ఎండాకాలం ఎట్లాగు పని తక్కువుంటది, తీస్కపో అన్నడు ముదీర్. నేను సంచిల పానాలు, టెస్టరు, ఫుట్‌వాల్వు, మోకు ఏసుకున్న. కారు కొండెక్కుతాంది. మలుపు మీద మలుపు, కిందికి జూస్తే మనం వచ్చిన రోడ్డే పాము లెక్క పండుకోని ఉన్నది. మీద ఒక చెక్క ఇల్లు. ముందట వరండా. పక్కన తెల్లగ, బస్సంత బండి. సార్ టోపి పెట్టుకోని ఎదురొచ్చిండు. నేను కొండంత చూసిన. ఏడ చూసినా రాయే. 'సార్, బాయి ఏడున్నది?' అన్న.

"సార్ అటు జూసిండు, ఇటు జూసిండు. 'ఇక్కడ భాయ్ ఎవరూ లేరయ్యా, నేనూ మా ఆవిడే ఉంటాం' అన్నడు. 'గా భాయ్ గాదు సార్, బాయి. మోటర్ ఏడికెల్లి నీళ్ళు గుంజుతది?' అన్న. వాళ్ళది కాకినాడ దిక్కాయె, బాయి అంటే బావి అని సార్‌కు ఎక్కలే. మేడమ్‌కు ముందుగాల ఎక్కింది. ఇగ నవ్వుడు షురూ. మేడమ్ చెప్తే సార్ నవ్విండు, మెట్టు మీద కూలవడి నవ్విండు. మేడమ్ కండ్లు తుడుసుకుంట అన్నది, 'ఈయన ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో, హన్మంతూ' అని."

"నిన్ను చూసి నవ్విన్రు."

"నా తెలివికి నవ్విన్రు! వాళ్ళకు తెలుసా లేదా అని పరీక్ష చేసిన. సరే, వాళ్ళ సంగతి జర చెప్పాలె. ముప్పై ఏండ్లు ఓడరేవుల నౌకరి. రిటైరైనంక ఫ్లాటు అమ్మి బండి కొనుక్కున్నరు. ఒమన్ తిరిగిన్రు, సౌదీ తిరిగిన్రు, జోర్డాన్ దాక పోయిన్రు. మేడమ్ పప్పుచారు ఎడారిల వండింది, సముద్రం ఒడ్డున వండింది. ఆఖరికి మోకాళ్ళు పట్టుకున్నయి. 'ఇక చాలండీ, ఒక చోట కూర్చుందాం' అన్నది. కూసున్నరు. కూసున్నంక సార్‌కు పొద్దు పోదు. పొద్దుగాల లేస్తడు, బండెక్కి స్టీరింగ్ కాడ కూసుంటడు. మేడమ్ పక్క సీట్ల, ఒళ్ళె ఫ్లాస్కు. బండి కదలదు. ముందట కొండ. సార్ గట్ల చూస్తనే ఉంటడు. నాకు పానం కలుక్కుమన్నది. ఈ ఇంటికి ఇప్పుడు ఒక మొగోడు కావాలె అనుకున్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా?"

"ఏమైంది?"

"నీళ్ళు. మొట్టమొదలు నీళ్ళు. ట్యాంకర్ వారానికొకపారి వచ్చేది, రాకుంటే లేదు. నేను రాయికి చెవి పెట్టిన. లోపల గలగల ఇనవడ్డది. పెద్ద పానా తీసి ఒక్కటి ఏసిన. గంతే. నీళ్ళు లేచినయి ఇంటెత్తు. వాదీల అంటే వాళ్ళ ఎండిపోయిన వాగుల, ఎన్నడు నడవని నీళ్ళు నడిచినయి. కింద ఖర్జూరం తోటలు మునిగినయి. మేకలు ఈత నేర్చుకున్నయి. మునిసిపాలిటీ వాళ్ళు పడవేసుకోని వచ్చి, 'యా హన్మంత్, ఖలాస్, ఖలాస్' అని దండం పెట్టిన్రు."

"మరి ఎట్ల ఆపినవు?" అన్నాడు ఇమామ్ హుస్సేన్, గరిట గాల్లోనే ఉంచి.

"నెత్తికి కట్టుకున్న తువ్వాల తీసి ఆ బొక్కల కుక్కిన. ఇప్పటికి ఆన్నే ఉన్నది. ఎవడన్న తెల్వక గుంజిండంటే రస్ అల్ ఖైమా ఉండదు."

మూల కుర్చీలో పెద్దావిడ దగ్గింది. ఇమామ్ హుస్సేన్ గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకెళ్ళాడు. ఆవిడ వద్దని చెయ్యి ఊపి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మస్తు సలి ఉంటదంట గదా?" అన్నాను నేను.

"రత్నాకర్ భాయ్, సలి ముచ్చట అడగకు, ఇప్పటికీ దవడలు కొట్టుకుంటయి. చాయ్ పోస్తే తాగుడు లేదు. గ్లాసు బోర్లిస్తే ముద్ద వడేది, బిస్కెటు లెక్క కొరుక్కుని తిన్నం. ఒకనాడు మేడమ్ చీర ఉతికి తీగె మీద ఆరేసింది. పొద్దుగాల చూస్తే చీర గాదు, తలుపు. ఏలుతోని కొడితే టకటకమంటాంది. అదే టైముకు బాత్రూం తలుపు ఊడి ఉండె. రెండు మడతబందులు కొట్టి చీరను బిగించిన. జరీ అంచు, మామిడి పిందెలు, గసుంటి తలుపు దుబాయ్ల పెద్ద హోటళ్ళల్ల ఉండది. జులై అంత అదే తలుపు. ఒక్కనాడు ఎండ జర గట్టిగ కొట్టింది, తలుపు మళ్ళ చీరై జారిపోయింది. పాపం సార్ లోపలుండె."

ఈసారి అందరం నవ్వాం. హన్మంతు మాత్రం నవ్వలేదు. తన కథకి తను నవ్వని మనిషి అతను, అదే అతని బలం.

"జులైల గడ్డకట్టే సలి!" అన్నాడు మల్లేశ్. "నేను గదే జులైల గీ యార్డుల చెప్పుల అడుగు కరిగి నిలవడ్డన్నే."

"అందుకే అంటున్న, నాతోని రారా అంటే రాకపోతివి." హన్మంతు ఫోన్ తిప్పి చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ బోర్లా పెట్టాడు. ఒక్క క్షణం అతని గొంతు తగ్గింది. "ఎండాకాలం కొండ మీద ఉండాలెరా. పొద్దున మబ్బు వచ్చి వరండల కూసుంటది. మేడమ్ 'హన్మంతూ, ముందు నువ్వు తాగు' అని చాయ్ ఇస్తది. మనిషిని పేరు పెట్టి పిలుస్తరు ఆడ."

క్యాంపులో అతన్ని నంబరుతో పిలుస్తారు. ఇమామ్ హుస్సేన్ అడక్కుండానే ఇంకో చాయ్ పోశాడు. అది అందుకోగానే గొంతు మళ్ళీ లేచింది.

"ఇగ అంత నీళ్ళుండంగ ఊకుంటనా? నేను రైతు బిడ్డను. ఊరికెల్లి తెచ్చిన సంచి అడుగున నాలుగు వడ్లగింజలు ఇరికి ఉండె. వాదీల చల్లిన. పొద్దుగాల చల్లితే పగటీలికి మోకాలెత్తు. మర్నాడు నడుమెత్తు. ఆ మర్నాడు ఒక మేకల కాపరి వచ్చిండు, మంద తప్పిపోయిందని. మంద నా పొలంలనే ఉన్నది, బయటికి తొవ్వ దొరకక తిరుగుతాంది. లోపలికి పోయి ఎతుకుతా అని ఆయన పోయిండు. ఇగ ఆయన్ని ఎతుకుటానికి కొడుకు పోయిండు. నేను చెట్టెక్కి ఈల ఏస్తే అందరు నా ఈల ఇనుకుంట బయటవడ్డరు."

"పంట ఏమైందే మరి?"

"అదే గదరా నా బాధ. కోతకు రాకముందే ఎండాకాలం అయిపోయింది, ముదీర్ వాపస్ పిలిచిండు. పంట ఆన్నే నిలవడ్డది. ఇప్పుడు కోతకు వచ్చుంటది. సార్ పెద్దమనిషి, ఒక్కడు ఏం కోస్తడు?"

"వరి చల్లి ఎనిమిది నెలలాయె, ఇంకా కోతకు రాలేదా?"

"కొండ వరి. నిదానంగ వస్తది."

"పగటీలికి మోకాలెత్తు అంటివి గద!"

"పెరుగుడు జల్ది, పండుడు నిదానం. మల్లేశ్, నువ్వు ఎవుసం మర్చిపోయినవ్ రా, ఊకో. ఇప్పుడు అసలు ముచ్చట. ఒకనాడు పొద్దుగాల సార్ స్టీరింగ్ కాడ కూసోని, 'సలాలా మళ్ళీ చూడాలని ఉందోయ్ హన్మంతూ' అన్నడు. ఎన్కట ఒమన్ తిరిగినప్పుడు అక్కడ వానలకు పచ్చగ ఎట్లుండెనో చెప్పిండు, చెప్పుకుంట ఆగిపోయిండు. నేను అన్న, 'గంతేనా సార్? పక్కకు జరుగున్రి.' స్టీరింగ్ పట్టిన. మేడమ్ ఎనక పొయ్యి మీద పెసరట్టు పోస్తాంది. రెండు మలుపులు దిగిన. మూడో మలుపు కాడ బ్రేకు తొక్కిన. బ్రేకు లేదు."

"అయ్యో!"

"అయ్యో అని సార్ గూడ అన్నడు. నేను అనలే. ముందట లోయ. ఎనకకు రాలేం. అప్పుడు నేనేం చేసిన్నో ఎర్కనా? హారన్ కొట్టిన. ఎసుంటి హారనది! ఓడరేవుల ఓడ కూసినట్టు కూసింది. ఆ కూతకు ముందటి గాలి గట్టివడ్డది, గట్టివడ్డ గాలి మీద బండి ఎక్కింది. రోడ్డు మీద పోయినట్టే పోతున్నం, కింద కొండలు, మీద డేగలు. ఒక డేగ అద్దం కాడికి వచ్చి సార్‌ను చూసి మర్యాదగ పక్కకు జరిగింది. ఒమన్ సరిహద్దు వచ్చింది. ఊకె పోతమా? చట్టం చట్టమే. కిటికీల కెల్లి పాస్‌పోర్టులు చాపినం, కింద ఆఫీసరు ముద్ర మీదికి ఇసిరిండు. సూటిగ పేజీ మీద వడ్డది. సలాలాల దిగినం. సముద్రం ఒడ్డున కొబ్బరి బోండాలు తాగినం. సార్ ఏడ్చిండు, సంతోషానికి. వాపస్ వచ్చినం. మేడమ్ పెసరట్టు ఒక దిక్కు కాలంగ బయలెల్లినం, రెండో దిక్కు కాలంగ ఇంటికాడున్నం. పెసరట్టు మాడలే."

"పెట్రోలు?" అన్నాడు మల్లేశ్. అతను ఇంజన్ల మనిషి, ఎక్కడో ఒకచోట పట్టుకోవాలని చూస్తాడు.

"పోవుడు దిగుడే గదరా. దిగుడుకు పెట్రోలు ఎందుకు?"

"మరి వచ్చుడు ఎక్కుడు గద?"

"వచ్చేటప్పుడు రివర్సుల వచ్చిన. రివర్సుల పెట్రోలు తిరిగి ట్యాంకుల వడ్తది."

ఇమామ్ హుస్సేన్ గిన్నె దించేసి స్టూలు మీద కూర్చున్నాడు. మల్లేశ్ కాసేపు వేళ్ళు లెక్కబెట్టుకుని మానేశాడు.

"సాక్షి ఎవరన్న ఉన్నరా?" అన్నాను.

"ఎందుకు లేరు? మా పక్కన ఒక జర్మనీ ముసలాయన బండి ఆపుకుండె. ఆయన గూడ రిటైరై గసుంటి బండిల దేశాలు తిరిగేటోడే. సార్, ఆయన సాయంత్రం వరండల మ్యాపులు పరుచుకోని, నేను గీ రోడ్డు పోయిన, నేను గా రోడ్డు పోయిన అని పోటీ పడేటోళ్ళు. ఆయన కండ్లార చూసిండు, మేం గాల్లోకెల్లి దిగుడు."

"అయితే ఆయన్ని అడుగుదాం."

"ఎట్ల అడుగుతవ్? ఆయన పోయిండు."

ఇమామ్ హుస్సేన్ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "అయ్యో. ఎన్నడు పోయిండన్నా?"

"ఆగస్టుల. జర్మనీకి."

నవ్వులు తగ్గేదాకా ఆగి, హన్మంతు చేత్తో మమ్మల్ని దగ్గరికి రమ్మన్నాడు. పెద్ద కోత కోసే ముందు అతను గొంతు తగ్గిస్తాడు.

"ఇవన్ని చిన్నయి. ఆఖరుది ఒక్కటి చెప్తా, ఇది నేను మా ముదీర్‌కు గూడ చెప్పలే. మేడమ్ సాయంత్రం వరండల కూసుంటది గద. ఎండ సక్కగ మొకం మీద కొట్టేది. కుర్చీ ఇటు జరిపితే ఇటు వస్తది, అటు జరిపితే అటు వస్తది. ఎదురుంగ ఒక కొండ ఉన్నది గని జర పక్కకున్నది. అది గింత ఇటు ఉంటే నీడ వరండ మీద వడ్తది. సార్ అన్నడు, 'ఏం చేస్తాం సుభాషిణీ, కొండని జరపలేం కదా' అని. నాకు రోషం వచ్చింది. మోకు తెచ్చిన. కొండ చుట్టు తిప్పి ముడేసిన, ఈ కొస బండికి కట్టిన. ఫస్టు గేరు ఏసిన. ఇంజన్ గర్జించింది. చక్రాల కింద రాళ్ళు పిండయినయి. కొండ 'కిర్రు'మన్నది..."

"పేరు నిలవెట్టినవ్!" అన్నాడు మల్లేశ్. "హన్మంతువు గద, కొండను ఎత్తినవా?"

హన్మంతు చెవులు పట్టుకున్నాడు. "తప్పు. ఎత్తుడు ఆ పెద్దాయన పని, మనం ఆయనతోని పోటీ పెట్టుకోవద్దు. నేను జరిపిన. మూరెడు. గంతే. కావాలంటే ఫోన్ల మ్యాపు తియ్, నిరుటికి ఇప్పటికి తేడా ఉంటది. ఆ సాయంత్రం నీడల కూసోని మేడమ్ చాయ్ తాగింది. ఇప్పటికి ఆ నీడల్నే తాగుతాంది."

మూల కుర్చీలో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. పెద్దావిడ కొంగు సర్దుకుని మా వైపు తిరిగింది.

"హన్మంతు గారూ, ఓ మాట అడగొచ్చాండీ?"

ముక్కూ మొహం తెలియని మనిషి పేరు పెట్టి పిలిచేసరికి హన్మంతు ఛాతీ ఇంకాస్త పెరిగింది. "అడుగమ్మా. మోటర్ సంగతా, కొండ సంగతా?"

"కొండని ఏ ఇంజనుతో లాగారండీ?"

"ఏ ఇంజనేంది? బండి ఇంజనే."

"ఆ బండికి ఇంజను లేదు కదండీ. మీరెళ్ళకముందే తీయించేసి గ్యారేజీ వాళ్ళకిచ్చేశారంటండీ. ముందు మూత ఎత్తితే అంతా ఖాళీ. నేను ఉల్లిపాయలు పోసుకుంటున్నానండీ అందులో."

హన్మంతు ఖాళీ గ్లాసే ఎత్తి తాగబోయాడు. ఇన్నేళ్ళలో అలా చూడడం నాకదే మొదలు.

"నా పేరు మాణిక్యాంబండీ. మాది రాజోలు దగ్గరండీ. చలికాలం నుంచీ ఆ కొండ మీద సుభాషిణమ్మ గారింట్లో వంట నాదేనండీ."

మాలో ఒకరిద్దరికి నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాం. ఎండాకాలమంతటి చల్లదనం మా కళ్ళ ముందే అతని నోటి వల్ల జారిపోయిందని నాకనిపించి నిజంగా జాలేసింది. మల్లేశ్ కూడా తల దించుకున్నాడు. హన్మంతు ఫోన్ తీసి జేబులో పెట్టేసుకున్నాడు. ఇక దాంతో పని లేదన్నట్టుగా.

"అక్కా," అన్నాడు మెల్లిగా, "ఇవన్ని సార్‌కు చెప్తవా?"

"చెప్పకుండా ఎలాగండీ? వినిరమ్మనే పంపారు." ఆవిడ కుర్చీ కాస్త ముందుకు లాక్కుంది. "మీరున్నన్నాళ్ళూ పొద్దున్నే ఆ బండిలో వెనక సీట్లో కూర్చునేవారంట కదండీ. అయ్యగారు 'ఎక్కడిదాకా వచ్చాం హన్మంతూ' అంటే, 'నిజ్వా ఊరు దాటినం సార్, ఎడమ దిక్కు ఖర్జూరాలు చూడున్రి' అనేవారంట. సుభాషిణమ్మ గారు కిటికీలోంచి తల బయటపెట్టి చూసేవారంట. అలా సలాలా దాకా తీసుకెళ్ళారంట. అమ్మగారు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారండీ. మీరెళ్ళిపోయాక ఆ సీట్లో నన్ను కూర్చోబెట్టారు. అయ్యగారు 'ఎక్కడిదాకా వచ్చాం మాణిక్యం' అంటారు. నేనేమో 'కొండ మీదే ఉన్నామండీ' అంటాను. నాకు అబద్ధం నోటికి రాదండీ, ఏం చెయ్యను? ఆయన స్టీరింగు వదిలేసి దిగిపోతారండీ. ఆ రోజుకి ఇంక మాట్లాడరు."

హన్మంతు గ్లాసు పక్కన పెట్టి ఆవిడ వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

"మీకు ఫోను చేస్తే ఎవరో బంగాళీ బాబు ఎత్తుతున్నాడండీ. 'రాంగ్ నంబర్ అమ్మా' అంటాడు. ఇంక నాలుగుసార్లు చేస్తే పాపం మా యోగక్షేమాలు కూడా అడగడం మొదలెట్టాడండీ."

మల్లేశ్ నా వైపు చూశాడు. నేను చాయ్ గ్లాసులోకి చూసుకున్నాను.

"ఆదివారం రోలాలో ఇమామ్ హుస్సేన్ కొట్లో ఉంటానని మీరే చెప్పారంట కదండీ. సామాన్లకి వచ్చేటప్పుడు అయ్యగారు నన్ను పిలిచి చెప్పారు. 'ముందు మాట్లాడకుండా కూర్చుని విను. మనిషి బాగుపడి నిజాలు చెబుతున్నాడనుకో, పలకరించకుండా వచ్చేయ్. లేదంటే కార్లో ఎక్కించుకుని వచ్చేయ్' అన్నారండీ. మీ ముదీరు గారితో మాట్లాడేశారంట కూడాను. ఎండాకాలం కోతలకి మనిషి లేకపోతే కుదరదన్నారండీ."

హన్మంతు చెవిలో ఆఖరి మాట ఒక్కటే పడింది. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"కోతలకా? ఇన్నవా మల్లేశ్, ఇన్నవా? నేను చెప్పలే! నా వరి కోతకొచ్చిందిరా! కొడవలి కావాలె, ఏడ దొరుకుతదిరా ఈ రోలాల కొడవలి?"

మాణిక్యాంబ గారు అతని మొహంలోకి తిన్నగా చూసింది.

"వరి కోతలు కాదండీ. ఇందాకటి నుంచీ కోస్తున్నారు చూడండీ, ఆ కోతలండీ."

ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు. ఇమామ్ హుస్సేన్ కౌంటర్ పట్టుకుని కిందికి జారిపోయాడు. మల్లేశ్ బల్ల మీద కొట్టిన దెబ్బకి నా చాయ్ ఒలికింది. అడుగు అవతల కూర్చున్న మలయాళీలు, భాష రాకపోయినా, మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. హన్మంతు మాత్రం నవ్వలేదు. తన కథకి తను నవ్వడు కదా. కానీ కళ్ళు తడిశాయి, దాచుకోలేదు కూడా. మెడలోని తువ్వాలతో మొహం తుడుచుకుని, వంగి, బియ్యం బస్తా భుజాన వేసుకున్నాడు.

"నా బట్టలు ఎనక పంపురా," అన్నాడు మల్లేశ్‌తో. "దుప్పటి మర్చిపోకు. ఆడ సలి మస్తుంటది."

"చీర తలుపు జాగ్రత్తనే!"

మాణిక్యాంబ గారు చింతపండు సంచి అందుకుని ముందు నడిచింది. గుమ్మం దాకా వెళ్ళి హన్మంతు ఆగాడు. ఏదో పెద్ద విషయం ఆలోచిస్తున్నట్టు నుదురు ముడిచాడు.

"అక్కా, ఇంజన్ లేదంటివి. హారన్ ఉన్నదా?"

"ఉందండీ. బాగానే మోగుతుంది."

"హారన్ ఉంటే సాలు," అన్నాడు హన్మంతు, బస్తా సర్దుకుంటూ. "యల్లా, పోదాం పా."